వీసా ముద్ర వేరు, హోదా వేరు: అమెరికా చదువు, ఉద్యోగ వీసాలపై పాఠకుల ప్రశ్నలు

అమెరికా చదువు, ఉద్యోగ వీసాల గురించి ఈసారి వచ్చిన ఉత్తరాలను ఒకచోట పెట్టుకుని చదివితే, అడిగినవారు వేరైనా చిక్కు మాత్రం చాలావరకు ఒకటేనని తెలిసింది. పాస్‌పోర్టులో అంటించే వీసాకూ, ఆ దేశంలో ఉన్నంతకాలం మనకు ఉండవలసిన హోదాకూ, అంటే అక్కడివారు స్టేటస్ అని పిలిచేదానికీ, మధ్య తేడా చాలామందికి స్పష్టంగా లేదు. వీసా గుమ్మం దాకా తీసుకువెళ్తుంది. లోపల నిలబెట్టేది స్టేటస్. గడువు తరుముకొస్తున్నవారి ప్రశ్నలకు ముందుగా జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: టెక్సాస్‌లో మాస్టర్స్ పూర్తి చేశాను. ఓపీటీ (చదువు తర్వాత పనిచేయడానికి ఇచ్చే అనుమతి) మొదలై 70 రోజులు దాటింది, ఉద్యోగం దొరకలేదు. ఒక కన్సల్టెన్సీ వారు ఆఫర్ లెటర్ ఇచ్చి, ప్రాజెక్టు వచ్చేవరకు నన్ను తమ ఉద్యోగిగా చూపిస్తామని, అందుకు నెలనెలా కొంత సొమ్ము నేనే కట్టాలని చెబుతున్నారు. నా స్నేహితులు ఇద్దరు అలాగే చేశారు, వారికి ఏమీ కాలేదు. నేనూ చేయవచ్చా? అది కాకపోతే మొదటి రోజు నుంచే సీపీటీ (కోర్సులో భాగంగా పనిచేసే అనుమతి) ఇచ్చే కాలేజీలో చేరమని ఇంకొందరు సలహా ఇస్తున్నారు. (ఒక విద్యార్థి, డల్లాస్)

జవాబు: మొదటిది చేయవద్దు. జీతం ఉద్యోగి యజమానికి కట్టే ఉద్యోగం ఎక్కడా ఉండదు. మీరు కొంటున్నది ఒక అబద్ధం. దాన్ని సెవిస్ రికార్డులో, అంటే విదేశీ విద్యార్థుల వివరాలు ఉండే ప్రభుత్వ రికార్డులో, మీ చేతులతో మీరే నమోదు చేసుకోబోతున్నారు. వలస ప్రయోజనం కోసం ముఖ్యమైన విషయంలో అబద్ధం చెప్పినట్లు రుజువైతే అమెరికా చట్టం ప్రకారం జీవితాంతం ప్రవేశానికి అనర్హులవుతారు. ఆ నిషేధానికి గడువు లేదు, మినహాయింపు దొరకడం చాలా కష్టం. ఇప్పుడు ఎవరూ అడగకపోవచ్చు. కానీ ఐదేళ్ల తర్వాత హెచ్-1బి (ఉద్యోగ వీసా) స్టాంపింగ్‌కు వెళ్లినప్పుడో, పదేళ్ల తర్వాత గ్రీన్‌కార్డు దరఖాస్తులోనో ఆ నెలల జీతం రసీదులు, పన్ను పత్రాలు చూపమంటే మీ దగ్గర ఏముంటుంది? మీ స్నేహితులకు ఏమీ కాలేదని మీరు రాశారు. ఇంకా ఏమీ కాలేదని మాత్రమే దాని అర్థం.

ఇక చేయదగిన పనులు చూద్దాం. పూర్తి ఓపీటీ 12 నెలలలో నిరుద్యోగంగా ఉండడానికి మొత్తం 90 రోజులే అనుమతిస్తారు. ఆ లెక్క పని అనుమతి పత్రమైన ఈఏడీ కార్డు మీద ఉన్న ప్రారంభ తేదీ నుంచి మొదలవుతుంది. శని, ఆదివారాలు కూడా అందులో పడతాయి. అంటే మీ చేతిలో ఇరవై రోజులు కూడా లేవు. అయితే ఈ మొదటి 12 నెలల్లో పని అంటే జీతం వచ్చే పని మాత్రమే అని నిబంధన లేదు. మీ చదువుకు నేరుగా సంబంధించిన పనిని వారానికి కనీసం 20 గంటలు స్వచ్ఛందంగా చేసినా, అది కార్మిక చట్టాలను ఉల్లంఘించనంతవరకు, నిరుద్యోగం లెక్క ఆగుతుంది. లాభం కోసం నడిచే కంపెనీలో ఉచితంగా పనిచేయడం అక్కడి కార్మిక చట్టానికి విరుద్ధం కావచ్చు కనుక, మీకు పాఠం చెప్పిన ప్రొఫెసర్ల పరిశోధనశాలల్లో, లాభాపేక్ష లేని సంస్థల్లో అడగండి. ఈ రోజే నలుగురు ప్రొఫెసర్లకు ఉత్తరం రాయండి. పని దొరికితే వారితో రోజులు, గంటలు, చేసే పని రాసి ఉన్న లేఖ తీసుకుని, సెవిస్ విద్యార్థి పోర్టల్‌లో 10 రోజుల లోపల నమోదు చేయండి. సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం చదివినవారికి ఓపీటీని 24 నెలలు పెంచే స్టెమ్ పొడిగింపులో మాత్రం ఈ వెసులుబాటు లేదు. అక్కడ జీతం తప్పనిసరి, యజమాని ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థలో) ఉండాలి, ఐ-983 అనే శిక్షణ ప్రణాళిక మీద సంతకం చేయాలి. ఆ 24 నెలలు కలిస్తే నిరుద్యోగ దినాల పరిమితి మొత్తం మీద 150 అవుతుంది.

పని దొరకకపోతే, 90 రోజులు పూర్తికాకముందే వేరే కోర్సుకు సెవిస్ బదిలీ చేయించుకోవచ్చు. ఓపీటీ అంతటితో ముగుస్తుంది. మళ్లీ మాస్టర్స్ స్థాయిలోనే చేరితే కొత్త ఓపీటీ రాదు, పీహెచ్‌డీ వంటి పై స్థాయికి వెళ్తేనే వస్తుంది. మీకు ఇంకొందరు చెబుతున్న మొదటి రోజు సీపీటీ ఇక్కడే వస్తుంది. సీపీటీ అన్నది కోర్సులో భాగమైన శిక్షణ. సాధారణంగా ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాకే ఇస్తారు. మాస్టర్స్, పీహెచ్‌డీ కోర్సుల్లో వెంటనే శిక్షణ తప్పనిసరి అయినప్పుడు మొదటి సంవత్సరంలో కూడా ఇవ్వడానికి చట్టంలో వీలుంది. కాబట్టి దాన్ని పూర్తిగా అక్రమమని అనను. కానీ పాఠాలు పేరుకు మాత్రమే ఉండి, మనిషి ఒక రాష్ట్రంలో ఉద్యోగం చేస్తూ, కాలేజీ వేరే రాష్ట్రంలో ఉండే ఏర్పాటును ఏ అధికారీ చదువుగా ఒప్పుకోడు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగినప్పుడు, అందులో చేరిన మన తెలుగు విద్యార్థులు కొందరి కాళ్లకు నిఘా పరికరాలు తగిలించారు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది. తరగతులే లేని ఆ సంస్థను వలస అధికారులే రహస్యంగా నెలకొల్పారు. అందులో చేరి వందకు పైగా విద్యార్థులు నిర్బంధానికి గురయ్యారు, వారిలో మనవారు చాలామంది ఉన్నారు. తరగతి గది లేని చోట ఫీజు కడుతున్నానని తెలిసినప్పుడే ఆగిపోయి ఉంటే, ఎంతోమంది తల్లిదండ్రులు ఆ వారం నిద్రలేకుండా ఫోన్ల ముందు కూర్చునేవారు కాదు.

ఏ దారీ కుదరకపోతే, 90 రోజులు నిండకముందే దేశం విడిచి రండి. రికార్డు శుభ్రంగా ఉన్న మనిషి మళ్లీ వెళ్లగలడు.

ప్రశ్న: హెచ్-1బి మీద నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. గత నెలాఖరున ఉద్యోగం నుంచి తీసేశారు. భార్య హెచ్-4లో (హెచ్-1బి వారి కుటుంబానికి ఇచ్చే హోదాలో) ఉంది, పిల్లవాడు అక్కడే బడికి వెళ్తున్నాడు. ఉద్యోగం పోయాక ఉండడానికి గడువు 60 రోజులని అందరూ అంటున్నారు. ఆ రోజులు ఎప్పటి నుంచి లెక్కించాలి? ఆలోపల కొత్త ఉద్యోగంలో చేరిపోవాలా? (ఒక పాఠకుడు, న్యూజెర్సీ)

జవాబు: ముందుగా, మీ ఉద్యోగం పోయిన తేదీనీ మీరు ఎంతకాలం ఉండవచ్చో చూపే రికార్డైన ఐ-94 ముగిసే తేదీనీ ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. 60 రోజులు లేదా ఐ-94 గడువు, ఈ రెంటిలో ఏది ముందొస్తే అదే మీకు హద్దు. సాధారణంగా జీతం చెల్లించిన చివరి రోజు మర్నాటి నుంచి లెక్క మొదలవుతుంది. పరిహారంగా ఏకమొత్తంగా ఇచ్చే సొమ్ము ఈ లెక్కను పొడిగించదు. ఈ వెసులుబాటు 2017 జనవరి 17 నుంచి అమల్లో ఉన్న నిబంధన వల్ల వచ్చింది, ఒక్కో ఆమోద కాలంలో ఒకసారే వర్తిస్తుంది, అందులో పనిచేయడానికి అనుమతి లేదు.

ఈ గడువులోపల కొత్త ఉద్యోగంలో చేరి ఉండాలన్న నియమం లేదు, కొత్త యజమాని మీ తరఫున హెచ్-1బి పిటిషన్ దాఖలు చేసి ఉండాలి. మన వాడుకలో ట్రాన్స్‌ఫర్ అంటున్నది ఇదే. 2000 సంవత్సరపు చట్టం వల్ల, ఆ పిటిషన్ అందిన తర్వాత ఆమోదం కోసం ఆగకుండానే కొత్త చోట పని మొదలుపెట్టవచ్చు. జీతం, పని పరిస్థితులపై యజమాని కార్మికశాఖకు ఇచ్చే లేబర్ కండిషన్ అప్లికేషన్‌కు వారం రోజులు పడుతుంది, లాయరు కాగితాలు కూర్చడానికి ఇంకో వారం. అందువల్ల 45వ రోజున ఆఫర్ వచ్చినా ఆలస్యమే. ఇంటర్వ్యూల్లోనే మీ గడువు తేదీ చెప్పడానికి మొహమాటపడవద్దు.

ఉద్యోగం ఆలోపు కుదిరేలా లేకపోతే, గడువు ముగియకముందే హోదా మార్పుకు దరఖాస్తు చేయవచ్చు. పిల్లవాడి విద్యా సంవత్సరం పూర్తి చేయించడానికి, ఇల్లు ఖాళీ చేయడానికి సమయం కావాలంటే సందర్శకుల హోదా బి-2 అడగవచ్చు. నిజంగా చదవాలనుకుంటే విద్యార్థి హోదా ఎఫ్-1 ఉంది. మీ భార్యకు సొంతంగా హెచ్-1బి వచ్చే వీలుంటే మీరే ఆమె మీద హెచ్-4 అవుతారు. ఆమె హెచ్-4 హోదా ఇప్పుడు మీ హోదా మీద ఆధారపడి ఉందని మరిచిపోకండి. మీ గడువే ఆమె గడువు, పిల్లవాడి గడువు కూడా. ఏ దరఖాస్తూ లేకుండా గడువు దాటి 180 రోజులకు పైగా ఉండి బయటికి వెళ్తే మూడేళ్లు, సంవత్సరం లేదా అంతకుమించితే పదేళ్లు తిరిగి రానివ్వరు.

తిరిగి వెళ్లవలసి వచ్చినా అంతా పోయినట్లు భావించవద్దు. మీరు ఇదివరకే హెచ్-1బి కోటా లాటరీ లెక్కలోకి వచ్చినవారు. హెచ్-1బికి గరిష్ఠ కాలమైన ఆరేళ్లలో మీరు వాడినవి నాలుగే కాబట్టి మిగిలిన కాలానికి కొత్త యజమాని మళ్లీ లాటరీతో పనిలేకుండా పిటిషన్ వేయవచ్చు. అయితే మీరు బయట ఉండగా వేసే పిటిషన్‌కు కింద చెప్పబోయే లక్ష డాలర్ల చెల్లింపు అడ్డం రావచ్చు కనుక, వీలైనంతవరకు అక్కడ ఉండగానే పిటిషన్ దాఖలయ్యేలా ప్రయత్నించండి. ఇంకొకటి, ఆమోద కాలం ముగియకముందే తీసివేసిన యజమాని మీరు స్వదేశానికి తిరిగివెళ్లే ప్రయాణానికి తగిన ఖర్చు భరించాలని చట్టంలో ఉంది. అది మీ ప్రయాణానికే, కుటుంబానికి కాదు. చాలామంది అడగరు, మీరు రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: మా అమ్మాయికి ఎఫ్-1 వీసా తిరస్కరించి, 214(బి) అని రాసిన కాగితం చేతికిచ్చారు. బ్యాంకు నిల్వ చూపించాం, ప్రశ్నలకు కన్సల్టెన్సీ వారు నేర్పిన జవాబులే చెప్పింది. ఇంకెప్పటికీ రాదా? (ఒక తండ్రి, గుంటూరు)

జవాబు: వస్తుందో రాదో నేను చెప్పలేను గానీ, ఆ కాగితం నిషేధం కాదని మాత్రం కచ్చితంగా చెప్పగలను. 1952 నాటి వలస చట్టంలోని ఆ సెక్షన్, తాత్కాలిక వీసా అడిగే ప్రతి వ్యక్తీ స్థిరపడే ఉద్దేశంతోనే వస్తున్నాడని ముందే అనుకుంటుంది. కాదని ఒప్పించవలసిన భారం దరఖాస్తుదారుదే. హెచ్-1బి, ఎల్-1 (కంపెనీ తన విదేశీ శాఖ నుంచి బదిలీ చేసే ఉద్యోగుల వీసా) వారికి ఈ ఊహ వర్తించదు, విద్యార్థులకు వర్తిస్తుంది. దీని మీద అప్పీలు లేదు. మళ్లీ దరఖాస్తు చేయడానికి అడ్డూ లేదు. దరఖాస్తు రుసుము 185 డాలర్లు మళ్లీ కట్టాలి. సెవిస్ రుసుము 350 డాలర్లు మాత్రం అదే రకం వీసాకు 12 నెలల లోపల తిరిగి దరఖాస్తు చేస్తే మళ్లీ కట్టనక్కరలేదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట "నేర్పిన జవాబులే" అన్నది. ఇంటర్వ్యూ రెండు మూడు నిమిషాల్లో ముగుస్తుంది. అదే కౌంటరు ముందు అదే వాక్యాన్ని ఉదయం నుంచి పదిమంది అప్పజెబితే, వినే అధికారికి ఆ పదకొండో అమ్మాయి చదువు మీద ఇష్టం కనిపించదు. ఆ విశ్వవిద్యాలయమే ఎందుకు, ఆ కోర్సులో ఏ పాఠ్యాంశం చదవాలనుకుంటోంది, అది ఇప్పటివరకు చదివినదానికి ఎలా కొనసాగింపు, తిరిగి వచ్చాక ఏం చేయాలనుకుంటోంది, ఇవి ఆమె తన మాటల్లో, తడబడినా సరే, చెప్పగలగాలి. ఇంట్లో మీరు ఎదురుగా కూర్చుని అడగండి. ఆమె చెప్పేది మీకే నమ్మకంగా అనిపించకపోతే, ఆ కోర్సు ఎంపికే మరోసారి ఆలోచించవలసి ఉంటుంది.

డబ్బు విషయంలో, కాలేజీ ఇచ్చే ప్రవేశ పత్రం ఐ-20లో రాసిన మొదటి సంవత్సరం ఖర్చుకు సరిపడా నిధులు చూపాలి, తర్వాతి సంవత్సరాలకు ఎలా సమకూరుతుందో వివరించగలగాలి. విద్యారుణం తప్పేమీ కాదు. ఇంటర్వ్యూ కోసం నాలుగు రోజులు అరువు తెచ్చి ఖాతాలో వేసిన సొమ్ము మాత్రం ప్రమాదం. అది ఎక్కడిదని అడిగితే చెప్పే అబద్ధం పైన డల్లాస్ విద్యార్థికి చెప్పిన జీవితకాల అనర్హతకే దారితీస్తుంది. వీసా దరఖాస్తు ఫారం డిఎస్-160లో గత ఐదేళ్ల సోషల్ మీడియా ఖాతాలన్నీ రాయాలి. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవారు ఆ ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలి. వేరే దేశానికి వెళ్లి అక్కడి కాన్సులేట్‌లో ప్రయత్నించమని ఎవరైనా చెబితే వినవద్దు. 2025 సెప్టెంబరు నుంచి పౌరసత్వమున్న దేశంలోగాని, నివాసముంటున్న దేశంలోగాని దరఖాస్తు చేయాలన్నది అమెరికా విదేశాంగశాఖ నియమం.

ప్రశ్న: నా ఎఫ్-1 వీసా వచ్చే మార్చితో ముగుస్తుంది, చదువు డిసెంబరు దాకా ఉంది. మార్చిలోపు ఇండియా వచ్చి స్టాంపింగ్ చేయించుకోవాలా? (ఒక విద్యార్థిని, షికాగో)

జవాబు: అక్కరలేదు. మొదట్లో చెప్పిన తేడా ఇదే. వీసా గడువు మీరు దేశంలోకి వచ్చేందుకు దాన్ని ఎప్పటిదాకా వాడుకోవచ్చో చెబుతుంది. మీరు ఎంతకాలం ఉండవచ్చో మీ ఐ-94 చెబుతుంది. అందులో డి/ఎస్ (హోదా నిలిచి ఉన్నంతకాలం అని అర్థం) అని ఉంటే, ఐ-20 చెల్లుబాటులో ఉండి, పూర్తి కోర్సు చదువుతూ ఉన్నంతకాలం మీరు ఉండవచ్చు. పూర్తయ్యాక సిద్ధమై బయల్దేరడానికి 60 రోజులు ఉంటాయి. బయటికి వెళ్లి తిరిగి రావాలంటేనే కొత్త వీసా కావాలి. కెనడాకో మెక్సికోకో 30 రోజులు మించకుండా వెళ్లివస్తే, ఐ-20 మీద ప్రయాణ సంతకం ఉంటే, సాధారణంగా పాత వీసాతోనే తిరిగి రానిస్తారు. కానీ అక్కడ ఉండగా కొత్త వీసాకు దరఖాస్తు చేస్తే ఆ వెసులుబాటు పోతుంది.

మీకు నిజంగా ముప్పు వచ్చేది వీసా తేదీ వల్ల కాదు, చిన్నవిగా కనిపించే తప్పుల వల్ల. డిఎస్ఓ (కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) అనుమతి లేకుండా ఒక సబ్జెక్టు వదిలేయడం, ఇల్లు మారి 10 రోజుల్లో చిరునామా తెలపకపోవడం, క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయడం, బయట రెస్టారెంటులోనో పెట్రోలు బంకులోనో చేతికి డబ్బు తీసుకుని పనిచేయడం. ఈ చివరిది చేసేవారి అవసరం నాకు తెలుసు, ఇంటి నుంచి డబ్బు అడగలేని పిల్లలు ఎందరో ఉన్నారు. అయినా అనుమతి లేని పని ఒక్క రోజు చేసినా స్టేటస్ పోతుంది. ఆర్థిక పరిస్థితి అనుకోకుండా దెబ్బతిన్న విద్యార్థికి, ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాక, బయట పనిచేయడానికి ప్రత్యేక అనుమతి కోరే వీలు చట్టంలోనే ఉంది. డిఎస్ఓ దగ్గరికి వెళ్లి అడగండి.

ప్రశ్న: భర్త ఎఫ్-1, నేను ఎఫ్-2 (విద్యార్థి జీవితభాగస్వామి హోదా). అకౌంటెంటుగా ఆరేళ్ల అనుభవం ఉంది. నేను అమెరికాలో పనిచేయవచ్చా? (ఒక గృహిణి, అట్లాంటా)

జవాబు: ఎఫ్-2లో పనిచేయడానికి వీలులేదు, పూర్తి కోర్సు కాని చదువు మాత్రం చదువుకోవచ్చు. డిగ్రీ కావాలంటే మీరే ఎఫ్-1కు మారాలి. మీ వారు హెచ్-1బికి మారితే మీరు హెచ్-4 అవుతారు. అందులో పూర్తికాలం చదవవచ్చు, కానీ పని అనుమతి సాధారణంగా ఆయనకు గ్రీన్‌కార్డు కోసం యజమాని వేసే ఐ-140 పిటిషన్ ఆమోదం పొందిన తర్వాతే దొరుకుతుంది. ఎల్-1 ఉద్యోగుల జీవితభాగస్వాములకు అటువంటి నిరీక్షణ లేదు, హోదాతోపాటే పనిచేసే హక్కు వస్తుంది. ఆరేళ్ల అనుభవం ఉన్న మనిషి ఇంట్లో కూర్చోవలసిరావడం ఎంత కష్టమో మీ ఉత్తరం చదువుతుంటే తెలుస్తోంది. మీ ఇద్దరి భవిష్యత్తు నిర్ణయాల్లో ఈ విషయాన్ని ఆయన ఉద్యోగంతో సమానంగా తూచండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడి నుంచి నేరుగా హెచ్-1బి మీద వెళ్లే అవకాశం ఇంకా ఉందా? (ఒక పాఠకుడు)

జవాబు: చట్టంలో ఉంది, ఆచరణలో బాగా ఇరుకైంది. ఏటా 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000 మాత్రమే ఉన్న కోటాకు మార్చిలో యజమాని పేరు నమోదు చేయాలి, ఎంపికైతే అక్టోబరు 1 నుంచి పని. 2025 సెప్టెంబరు 19 నాటి అధ్యక్ష ప్రకటనతో, దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త పిటిషన్లకు మొదట 12 నెలల కాలానికి లక్ష డాలర్ల చెల్లింపు విధించారు. అమెరికాలోనే ఉండి ఎఫ్-1 నుంచి హెచ్-1బికి హోదా మార్చుకునే విద్యార్థులకు అది వర్తించదని అక్టోబరులో స్పష్టం చేశారు. మీ కంపెనీకి అక్కడ శాఖ ఉంటే ఎల్-1 గురించి అడగండి. గత మూడేళ్లలో కనీసం ఒక సంవత్సరం నిరంతరాయంగా అదే సంస్థకు బయట పనిచేసి ఉండాలి. మేనేజర్ల వర్గానికి గరిష్ఠంగా ఏడేళ్లు, ప్రత్యేక పరిజ్ఞానం వర్గానికి ఐదేళ్లు. దీనికి లాటరీ లేదు. వీసా ఇప్పిస్తామని ఎవరైనా మీ దగ్గర లక్షలు అడిగితే, హెచ్-1బిలో శిక్షణ నిధి రుసుమును ఉద్యోగి నుంచి వసూలు చేయడాన్ని చట్టమే నిషేధించిందని, పని లేని రోజుల్లో కూడా జీతం ఇవ్వవలసిందేనని గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: నేను ఎంబీబీఎస్ పూర్తి చేసి అమెరికాలో రెసిడెన్సీకి జె-1 (ఎక్స్ఛేంజ్ సందర్శకుల వీసా) మీద వెళ్లబోతున్నాను, ఒప్పందం మీద ఇంకా సంతకం చేయలేదు. రెండేళ్లు తిరిగి రావాలన్న నిబంధన భారతీయులకు తీసివేశారని విన్నాను. నిజమేనా? (ఒక డాక్టరు)

జవాబు: సగం నిజం. జె-1 వారు మూడు కారణాల వల్ల రెండేళ్ల స్వదేశ నివాస నిబంధన కిందికి వస్తారు: ప్రభుత్వ ధనంతో వెళ్లినవారు, తమ దేశానికి అవసరమైన నైపుణ్యాల జాబితాలో ఉన్నవారు, వైద్య శిక్షణకు వెళ్లినవారు. 2024 డిసెంబరులో సవరించిన జాబితాలో భారతదేశం లేదు. దానివల్ల పరిశోధకులకు, ఇంజనీర్లకు మేలు జరిగింది. మీరు వచ్చేది మూడో కారణం కింద, అది అలాగే ఉంది. ఆ రెండేళ్లు స్వదేశంలో పూర్తి చేయకుండాగాని, మినహాయింపు లేకుండాగాని హెచ్-1బికి, ఎల్-1కి, గ్రీన్‌కార్డుకు అర్హత రాదు.

మినహాయింపుకు ఎక్కువమంది వైద్యులు వెళ్లే దారి కాన్రాడ్ 30 పథకం. ఒక్కో రాష్ట్రం ఏటా 30 మంది పేర్లను సిఫారసు చేస్తుంది. వైద్యులు చాలని ప్రాంతంలో హెచ్-1బి మీద మూడేళ్లు పూర్తికాలం పనిచేయాలి. రాష్ట్రాన్ని బట్టి దరఖాస్తుల తేదీలు, ఏ వైద్యశాఖకు ప్రాధాన్యం అన్నది మారుతాయి, కొన్నిచోట్ల స్థానాలు తొందరగా నిండిపోతాయి. అందుకే శిక్షణ చివరి సంవత్సరం మొదలయ్యేసరికే ఆస్పత్రితో మాట్లాడుకుని ఉండాలి. కొన్ని ఆస్పత్రులు రెసిడెన్సీకే హెచ్-1బి ఇస్తాయి. అందుకు అమెరికా వైద్య లైసెన్సు పరీక్ష యూఎస్ఎంఎల్ఈ మూడో స్టెప్పు ముందే ఉత్తీర్ణులై ఉండాలి. మీరు ఇంకా ఒప్పందం మీద సంతకం చేయలేదని రాశారు కనుక, మీ ప్రోగ్రాం హెచ్-1బి ఇస్తుందో లేదో ఈ వారమే అడిగి తెలుసుకోండి. జె-1లో ఒకసారి శిక్షణ మొదలుపెట్టాక తర్వాత హోదా మారినా ఆ రెండేళ్ల బాధ్యత మీ వెంటే వస్తుంది.